క్రొత్త వనమా, జీర్ణోద్ధరణమా?

దేవాలయము శిథిలమైనచో ప్రక్కన వేఱొక గుడి కట్టుటకంటె ఉన్నదానిని ఉద్ధరించుటయే మేలని మన పెద్దలు చెప్పుదురు. అయినను క్రొత్త గుడి కట్టించినవాని పేరు శిలాఫలకముపై నిలుచును. ప్రాత గోపురమునకు సున్నము వేయించినవాని పేరు ఎవరికిని జ్ఞప్తి యుండదు. కనుకనే ధనవంతులు మొదటిదానికే మొగ్గుదురు. ఈ చిక్కు గుడులకే గాదు, వినోదవనములకును గలదు. అమెరికాలోని వాల్ట్ డిస్నీ వరల్డునందు అయిదవ వనమును నిర్మింపవలెనా, ఉన్న నాల్గింటిని బాగుచేయవలెనా యని మన పై తరగతుల బాలబాలికలు వాదించుకొనుచుండగా వింటిని. నేను ఆ ప్రదేశమును కన్నులార చూచినవాడను గాను. అయినను దాని చరిత్ర తెలిసినచో తీర్పు చెప్పుట కష్టము గాదని తోచినది.

కాలిఫోర్నియా రాష్ట్రమున అనహైమ్ పట్టణమందు 1955 జూలై 17న డిస్నీలాండు తెఱవబడెను. దాని చుట్టునున్న నేల ఇతరుల పాలై, హోటళ్లతో క్రిక్కిరిసిపోయెను. వాల్ట్ డిస్నీకి ఆ యిరుకు నచ్చలేదు. అందుచే ఫ్లారిడా రాష్ట్రమున వేఱువేఱు సంస్థల పేర గుట్టుగా సుమారు 27,000 ఎకరములు కొనిపించెను. పని పూర్తికాకమునుపే 1966లో ఆయన కాలధర్మము నొందగా, అన్నయగు రాయ్ డిస్నీ ఆ భారమును వహించి 1971 అక్టోబరు 1న మేజిక్ కింగ్‌డమ్‌ను తెఱపించెను. పిదప 1982లో ఎప్‌కాట్, 1989లో చలనచిత్రముల పేరిటి వనము, 1998లో ఏనిమల్ కింగ్‌డమ్ వెలసినవి. అటుపిమ్మట అయిదవది లేదు. 2024లో అచటి పాలకమండలితో కుదిరిన ఒడంబడిక మాత్రము అట్టి వనమునకు వీలు కల్పించుచున్నది.

విస్తరణమును కోరువారి వాదము తేలికగా త్రోసివేయదగినది గాదు. పొరుగున యూనివర్సల్ సంస్థవారు 2025 మే 22న ఎపిక్ యూనివర్స్ అను క్రొత్త వనమును తెఱచిరి. అంగడి వీధిలో ఎదుటివాడు దుకాణము పెంచగా మనము చూచుచు కూర్చుండవలెనా యని వీరి ప్రశ్న. డబ్బునకు కొదవ లేదు. తమ వనములపైనను ఓడలపైనను పదియేండ్లలో 6,000 కోట్ల డాలర్లు వెచ్చింతుమని 2023లో డిస్నీ సంస్థయే ప్రకటించినది. నేలకును కొదవ లేదు.

కాని పోటీకి భయపడి కట్టిన వనము ఎట్లుండునో వారికి తెలియనిది గాదు. 1990లో యూనివర్సల్ వారు రానున్నారని తెలిసి, 1989లోనే మూడవ వనమును కొలది వినోదములతో తెఱచిరి. దానికి నిండుదనము 2018, 2019 సంవత్సరములలో క్రొత్త భాగములు చేరినపిమ్మట గాని రాలేదు. ఏనిమల్ కింగ్‌డమ్‌లో పురాణజంతువులకై తలపెట్టిన భాగము ఖర్చునకు వెఱచి అసలు కట్టబడనేలేదు. అన్నిటికంటె గట్టి సాక్ష్యము కాలిఫోర్నియాలోనే యున్నది. డిస్నీలాండు ప్రక్కన, బండ్లు నిలుపు స్థలమున, 2001లో కాలిఫోర్నియా అడ్వెంచర్ అను రెండవ వనమును పొదుపుగా కట్టిరి. జనము ఆశించినంత రాలేదు. తుదకు 2007లో నూఱు కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి దానిని తిరుగదోడ నిశ్చయించి 2012 నాటికి ముగించిరి. ఒక వనమునకు రెండుమార్లు వెల చెల్లించినట్లాయెను!

క్రొత్తదానిపై చూపు పడినపుడు ప్రాతది పాడుపడుట కూడ కలదు. 1976లో తెఱచిన రివర్ కంట్రీ యను జలక్రీడాస్థలము 2001లో మూతపడి, ఏండ్ల తరబడి తుప్పును తీగెలును అల్లుకొని పడియుండెను.

ఇక తలిదండ్రులు ఆలోచింపవలసిన సంగతి. ఏడాదియంతయు కూడబెట్టి నాలుగు దినములకై పిల్లలను తీసికొనిపోవు తండ్రికి అయిదవ వనమనగా మఱియొక దినపు బస, మఱియొక చీటి. మేజిక్ కింగ్‌డమ్‌లో మిక్కిలి రద్దీ దినములందు ఒక్కని ప్రవేశము వెల 2025లో దాదాపు 200 డాలర్లు. వరుసలో నిలువక ముందుగా పోవు సదుపాయము 1999లో ఉచితముగా ఆరంభమైనది. 2021 నుండి అదియు వెలకే దొరకుచున్నది. డబ్బున్న బిడ్డ ముందు పోవుచుండగా లేని బిడ్డ ఎండలో నిలువవలెను. అయిదవ వనము వచ్చినచో ఈ వరుసలు తగ్గునందురు. కాని క్రొత్త వనము క్రొత్త జనమును గూడ తెచ్చును. ఉన్న వనములోనే మఱి నాలుగు వినోదములు చేర్చినచో ఆ బిడ్డ నిలువవలసిన వేళ తఱుగును.

అందుచే నా వోటు ఉద్ధరణమునకే. అయితే కూల్చుటను ఉద్ధరణమనరాదు. మేజిక్ కింగ్‌డమ్ తెఱచిన నాటినుండి అందొక కృత్రిమ నది పాఱుచుండెను. దానిలో పొగయోడ, నడుమ 1973లో తెఱచిన టామ్ సాయర్ దీవి. నండూరి రామమోహనరావుగారి అనువాదమున టామ్ సాయర్ కథ చదివిన మన పిల్లలకు ఆ దీవి విలువ చెప్పనక్కఱలేదు. అచట యంత్రము లేదు, వరుస లేదు. గుహలలో దూరుట, పరుగిడుట, అంతే. 2025 జూలైలో ఆ నదిని మూసి, మోటారు కారుల చలనచిత్రము పేర క్రొత్త భాగమును కట్టబూనిరి. ఇది నాకు నచ్చలేదు. దుష్టపాత్రల పేర మఱియొక భాగమును నదికి ఆవలి నేలపై కట్టనున్నారు. కారుల భాగమునకును అట్టి చోటు చూడరాదా? ఆ నేలలో చాల భాగము చిత్తడి యనియు, సుమారు మూడవవంతు ప్రకృతి రక్షణకై విడువబడినదనియు నెఱుగుదును. అయినను 27,000 ఎకరములలో ఒక దీవి నిలుచుటకు తావు లేదనుట నమ్మశక్యము గాదు.

ఏనిమల్ కింగ్‌డమ్‌లో చేయుచున్న పని ఇందుకు భిన్నము. డైనోసారుల పేర సంతబజారువలె అమర్చిన భాగమును తొలగించి, అమెరికా ఖండపు ఉష్ణమండల దేశముల భాగమును కట్టి 2027లో తెఱతుమని చెప్పిరి. పోయినది చౌకది, వచ్చునది మేలైనది, దీనిని తప్పుపట్టలేము. ఇట్లే నాలుగు వనములును నిండిన పిమ్మట అయిదవదానికి శంకుస్థాపన చేసినచో నాకు ఆక్షేపణ లేదు.