బీఎంఎస్ మారుస్తున్నారా? మనమూ అడుగుదాం

బండి బ్యాటరీ సంగతి మగవాళ్లు చూసుకుంటారులే అని వదిలేస్తాం. కానీ అది ఛార్జింగ్ అయ్యేది మన ఇంట్లోనే కదా. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, కొద్ది రోజులకే విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి.

బ్యాటరీ లోపల బీఎంఎస్ అనే బోర్డు ఉంటుంది. సెల్లులన్నిటినీ కనిపెట్టుకుని ఉండి, నిండగానే ఛార్జింగ్ ఆపేస్తుంది. అదొక్కటే పాడైతే బ్యాటరీ మొత్తం కొనక్కర్లేదు, బోర్డు మారిస్తే చాలు. డబ్బు మిగులుతుంది, మంచిదే. అయితే ఏ బోర్డు పడితే ఆ బోర్డు పనికిరాదు. ఎన్‌ఎంసీ రకం సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, ఎల్‌ఎఫ్‌పీ రకం 3.65 దగ్గరే. దాని బోర్డు దీనికి పెడితే ఆపాల్సిన చోట ఆపదు.

హుజూర్‌నగర్‌లో చేయించినా, హైదరాబాద్‌లో చేయించినా మెకానిక్‌ను అడగండి. సెల్లుల రకం, వరుసలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఆంపియర్లు, ఇవన్నీ పాత బోర్డుతో సరిపోయాయా? ఒక్కో సెల్లు వోల్టేజీ విడిగా చూశారా? సెల్లులు ఉబ్బి ఉంటే బోర్డు మార్చీ లాభం లేదు. "బోర్డు తీసేసి డైరెక్టుగా కలిపేస్తా" అన్నారా, బ్యాటరీ వెనక్కి తెచ్చేసుకోండి.

కొత్త బోర్డు వేయించినా సరే, పడకగదిలో, అందరూ నిద్రపోయాక ఛార్జింగ్ మాత్రం వద్దు. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశాకే పడుకునే మనకు ఈ జాగ్రత్త బరువా?