గడపనుండి గడపకు

వికారాబాదునకు గాని తాండూరునకు గాని విమానాశ్రయము లేదు. అయినను ఈ రెండూళ్ల నడుమ విమానమున నెంతసేపు పట్టునని వేడుకకు అడుగువారు మాకు తటస్థించుచునే యున్నారు. పటముపై తిన్ననిగీటు గీచి కొలిచినచో సుమారు 35 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోవు విమానమునకు మూడు నిమిషముల పని. కాని అది పైకెక్కి క్రిందికి దిగుటకే అంతకు పదిరెట్ల కాలము కావలయును! ఈ దూరమునకు 1874లో వచ్చిన యినుపదారియే నేటికిని దిక్కు.

ఆ దారియే పడమరగా సాగి ముంబైకి కొనిపోవును. కూలికొఱకు, కొలువుకొఱకు అచ్చటికి చేరిన మనవారెందరో కలరు. కామాఠీపురమను పేటకు ఆ పేరు తెలుగునేలనుండి వెళ్లిన కామాఠీ పనివారివలన వచ్చినదే. ముంబైలో కాపురమున్న కూతురికి నొప్పులు మొదలైనవని తాండూరులోని తల్లికి ఫోను వచ్చెననుకొనుడు. "విమానమైన గంటన్నర, రైలైన రాత్రియంతయు" అని ఇంటిలోని మగవారు వెంటనే తీర్పు చెప్పుదురు. ఆ గంటన్నర యెచ్చటినుండి లెక్కించినదో వారు చెప్పరు.

2008లో తెఱచిన శంషాబాదు విమానాశ్రయము తాండూరునకు ఇంచుమించు సూటిగా తూర్పున, గాలిదారిని 90 కిలోమీటర్ల దూరమున నున్నది. పడమరకు పోవలసిన తల్లి మొదట మూడుగంటలు తూర్పునకు పోవలయును. రెండుగంటలు ముందుగా చేరి పెట్టెలు తూయించి, సోదా చేయించుకొని కూర్చుండవలయును. అటుపిమ్మట 620 కిలోమీటర్ల గాలిదారి గంటన్నర. (తిన్నగా ఎగిరినచో ఆ విమానము వికారాబాదునకు కొంచెముత్తరముగా, ఆమె వచ్చిన దిక్కునకే మరలిపోవును.) దిగిన తరువాత ఆ మహానగరపు వీధులలో మఱియొక గంట. వెరసి ఏడున్నర గంటలు.

మధ్యాహ్నము హైదరాబాదున బయలుదేరు హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సు పొద్దువాలువేళకు తాండూరు చేరి, వాడి, షోలాపూరు, పూనాల మీదుగా తెల్లవారుజామున ముంబైలో దింపును. సుమారు పండ్రెండు గంటలు. తేడా పదిన్నర గంటలు కాదు, నాలుగున్నర.

కబురు ఉదయమున వచ్చినచో, సొమ్మున్నచో, విమానమే మేలు. దీపాలవేళకు తల్లి కూతురి మంచముకడ నుండును. సాయంకాలమున వచ్చినచో మాట వేఱు. ఆ పూట విమానమున చోటు దొరకినను, అర్ధరాత్రి దాటిన పిదప ఎరుగని నగరమున ఆమె ఒంటరిగా దిగవలయును. అట్టిచో ఊరిలోనే రైలెక్కి, పండుకొని, వెలుతురు వచ్చువేళకు దిగుట మాకు నచ్చును.

రెంటికిని గుర్తింపుకార్డు చూపవలయును. అది భర్తగారి సంచిలోనో, కుమారుని బీరువాలోనో యుండిన, తాళము దొరకునప్పటికి బండి వాడి దాటియుండును. మీ కార్డును మీ పెట్టెలోనే యుంచుకొనుడు.