బొమ్మను ఆడించే సాధనానికి ఏ భాష?



కంప్యూటర్ విద్య అభ్యసించే మనవారిలో యానిమేషన్ పట్ల అభిరుచి నానాటికి పెరుగుతున్నది. 2012లో విడుదలైన ‘ఈగ’ చిత్రంలో ఒక చిన్న ఈగ కథానాయకుని స్థానాన్ని ఆక్రమించింది. ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ఆ సంవత్సరపు జాతీయ పురస్కారం కూడ ఆ చిత్రానికే లభించింది. దాని దర్శకులు రాజమౌళి గారి కుటుంబానికి మన ఎదురుగట్టున ఉన్న కొవ్వూరుతో గల సంబంధాన్ని చెప్పుకొని మురిసిపోనివారు రాజమహేంద్రవరంలో తక్కువ.

అయితే బొమ్మను కదిలించాలనే కోరిక వేరు, బొమ్మను కదిలించే సాధనాన్ని తయారు చేయాలనే కోరిక వేరు. ఈ రెండవ కోరిక గలవారిని ఒక ప్రశ్న మొదటనే అడ్డగిస్తుంది. సాధనాన్ని పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాషలో వ్రాయాలా? లేక సి, సి ప్లస్ ప్లస్ వంటి కంపైల్డ్ భాషలో వ్రాయాలా? నా అభిప్రాయాన్ని ముందుగానే విన్నవిస్తాను. పని స్క్రిప్టుతోనే ప్రారంభం కావాలి. కాని తెలుగు, ఉర్దూ అక్షరాలతో పని చేయదలచిన మనవారు అక్కడే ఆగిపోరాదు.

కంపైల్డ్ భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలర్ ముందుగానే మొత్తం చదివి, యంత్రభాషలోనికి మార్చి సిద్ధంగా ఉంచుతుంది. స్క్రిప్టును ఇంటర్‌ప్రెటర్ అనే మరొక ప్రోగ్రాము నడిపే వేళనే చదువుకొంటూ అమలు జరుపుతుంది. ఈ భేదం మన ప్రాంతపు కళలోనే కనిపిస్తుంది. కాకినాడ సమీపాన గల మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరు పొందిన గ్రామం. తోలును శుభ్రపరచి, పలుచన చేసి, కోసి, రంధ్రాలు పొడిచి, రంగులద్ది, కాళ్లు చేతులు దారంతో కూర్చి ఒక బొమ్మను సిద్ధం చేయడానికి చాలా శ్రమ, చాలా కాలం కావాలి. ఒకసారి కోసిన తోలు మరల అతకదు. కాని ఆట మొదలైన పిదప కేతిగాడు, బంగారక్క విసిరే ఛలోక్తులు ఏ ఊరికి ఆ ఊరు మారిపోతాయి. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి మీసం మీద కూడ ఒక హాస్యం పుడుతుంది. బొమ్మ కంపైల్ అయినది, మాట స్క్రిప్టు. ఒకటి లేక మరొకటి రక్తి కట్టదు. (నీడబొమ్మకు, యానిమేషనుకు గల చుట్టరికం నా కల్పన కాదు. లొట్టె రైనిగర్ అనే జర్మన్ మహిళ నల్ల కాగితపు బొమ్మలను కత్తిరించి, అరేబియన్ నైట్స్ కథల ఆధారంగా నిర్మించిన ప్రిన్స్ అహ్మద్ చిత్రం 1926 నాటిది. నేడు లభిస్తున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో అదే అన్నిటికన్న పాతది.)

చిత్రకారుని పని స్వభావమే మార్పు. ఉదయం వంచిన చేతిని మధ్యాహ్నం తిన్నగా చేస్తాడు, సాయంకాలం తిరిగి వంచుతాడు. అతనికి సహాయపడే సాధనం కూడ అంత త్వరగా మారగలగాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక నిమిషం చిత్రానికి 1,440 ఫ్రేములు కావాలి. వాటి పేర్లను వరుసలో పెట్టడం, లోపించిన ఫ్రేమును పట్టుకోవడం, ఒకే కదలికను పది పాత్రలకు వర్తింపజేయడం వంటి పనులకు పైథాన్‌లో పది పదిహేను పంక్తులు చాలు. దీనికి సి ప్లస్ ప్లస్ పట్టుకొని కూర్చొనుట పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

వృత్తిలో ఉన్నవారి ఆచారమూ ఇదే. 1998లో వచ్చిన మాయా సాఫ్ట్‌వేరులో మెల్ అనే స్క్రిప్టు భాష ఉండేది. 2007లో దానికి పైథాన్ తోడైంది. 2002లో ప్రజల విరాళాలతో లక్ష యూరోలు సమకూర్చి, అందరికీ స్వేచ్ఛగా లభించేటట్లు విడుదల చేసిన బ్లెండర్‌లో లోపలి యంత్రాంగం సి, సి ప్లస్ ప్లస్‌లలోను, పైనుండి దానిని ఆజ్ఞాపించే మార్గం పైథాన్‌లోను ఉన్నాయి. ఆ బ్లెండర్‌తోనే నిర్మించిన ‘ఫ్లో’ అనే లాట్వియా దేశపు చిత్రానికి 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ లభించింది. ఖరీదైన సాఫ్ట్‌వేరుకు దొంగ ప్రతులు వెదకే మిత్రులు ఈ సంగతిని కాస్త ఆలోచించాలి.

మరి కంపైల్డ్ భాష అవసరం ఎక్కడ? వేగం వద్ద. 1920 అడ్డం, 1080 నిలువు గల ఒక్క చిత్రంలో 20,73,600 బిందువులుంటాయి. తెర మీద బొమ్మ ఆగకుండ కదలాలంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికే వ్యవధి సుమారు 42 మిల్లీసెకన్లు. ఇన్ని లక్షల బిందువులను ఒక్కొక్కటిగా పైథాన్ చేత లెక్కింపజేస్తే ఆ వ్యవధి ఏ మూలకూ చాలదు. సి భాషకు అది సాధారణమైన పని. ఇక స్క్రిప్టులకు మరొక బలహీనత ఉన్నది. పైథాన్ రెండవ తరానికి 2020 జనవరి 1తో ఆలన పాలన ముగిసింది. దానిలో వ్రాసుకొన్న సాధనాలన్నిటిని స్టూడియోలు మూడవ తరానికి తగినట్లు తిరిగి దిద్దుకోవలసి వచ్చింది. 1970ల నాటి సి మాత్రం కొద్ది సవరణలతో నేటికీ కంపైల్ అవుతుంది.

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు విద్యార్థికైనా వర్తిస్తుంది. మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని ప్రక్కన ఒకటి నిలబడితే మాట తయారవుతుంది. తెలుగులో ఒత్తు క్రిందికి దిగుతుంది, గుణింతం తలకట్టును తొలగించి తాను కూర్చుంటుంది. ఉర్దూలో అక్షరం మాట మొదట ఒక రూపం, మధ్య ఒక రూపం, చివర ఒక రూపం ధరిస్తుంది. నస్తాలీఖ్ వ్రాతలో మాట మొత్తం ఏటవాలుగా జారుతుంది. ఈ కూర్పు తెలియని యానిమేషన్ సాధనంలో మన పేరు వ్రాస్తే తెలుగు ఒత్తులు విడిపోతాయి, ఉర్దూ అక్షరాలు చేయి వదిలి ఎడమ నుండి కుడికి నిలబడతాయి. ఆ రూపంలోనే బోర్డులు, ప్రకటనలు వెలువడడం మనం చూస్తూనే ఉన్నాము.

ఈ కూర్పు పనిని నిర్వహించే హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా గ్రంథాలయం సి ప్లస్ ప్లస్‌లో ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో మనం చదివే తెలుగును ఆకృతిలో పెట్టేది అదే. ఆ పేరు ఫారసీ మాట. ‘హర్ఫ్’ అక్షరం, ‘బాజ్’ తెరచినది. మన ఉర్దూ విద్యార్థులకు దీనిని వివరించనక్కరలేదు. దానిని పైథాన్ నుండి కూడ పిలువవచ్చు కనుక, సాధనం వ్రాసే విద్యార్థి కంపైల్డ్ భాష తెలియకనే సరియైన తెలుగును రప్పించగలడు. నేను స్క్రిప్టు వైపు మొగ్గడానికి గల బలమైన కారణం ఇదే.

కాని తప్పు ఆ లోపలి యంత్రాంగంలోనే ఉంటే? స్క్రిప్టు మాత్రమే తెలిసినవాడు ఫిర్యాదు వ్రాసి ఎదురుచూడాలి. ఇంగ్లీషులో తప్పు దొర్లితే దిద్దేవారు వేలమంది. తెలుగు ఒత్తులో, ఉర్దూ నుక్తాలో తప్పు దొర్లితే, ఆ లిపి చదవగలిగి సి ప్లస్ ప్లస్ కూడ తెలిసినవారు ఎందరు? ఆ కొద్దిమందిలో మన విద్యార్థి ఒకడైనా ఉండాలి.

సి భాషతోనే ప్రారంభించాలని వాదించే పెద్దలున్నారు. పునాది గట్టిపడుతుందన్న వారి మాటను నేను కాదనను. కాని బొమ్మలపై మక్కువతో వచ్చిన విద్యార్థిని ఆరు నెలలు పాయింటర్ల మధ్య తిప్పి, ఒక్క బొమ్మనైనా కదలనీయకపోతే వాడు నాలుగవ నెలలోనే మాయమవుతాడు. కనుక కళాశాల కమిటీ వారికి నా మనవి: మొదటి అర్ధ సంవత్సరం బ్లెండర్, పైథాన్, రెండవ అర్ధభాగంలో అదే విద్యార్థి తన స్క్రిప్టులో నెమ్మదిగా నడిచే భాగాన్ని కొలిచి చూచి, ఆ ఒక్క భాగాన్ని మాత్రం సి భాషలో తిరిగి వ్రాయాలి.

మొదటి సాధనంగా ఏది తీసుకోవచ్చునో కూడ సూచిస్తాను. తెలుగు ‘అ’, ఉర్దూ ‘అలిఫ్’ మొదలు ప్రతి అక్షరాన్ని చేతివ్రాత క్రమంలో తెర మీద వ్రాసి చూపే చిన్న ప్రోగ్రాము చాలు. ప్రాథమిక పాఠశాలలకు వెంటనే ఉపకరిస్తుంది. ఫాంటులో సాధారణంగా అక్షరపు అంచు మాత్రమే ఉంటుంది, కలం నడిచిన దారి ఉండదు. కాబట్టి ప్రతి అక్షరానికి ఆ దారిని మనమే గీసి ఇవ్వాలి. దానికి తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కంప్యూటర్ ప్రయోగశాలకు వచ్చి కూర్చోవలసి ఉంటుంది. వేసవి సెలవులకు ముందే వారికి వారానికి రెండు గంటలు కేటాయించగలిగితే మంచిది.