జీతం సర్కారుది, అమానత్ బస్తీది



అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక చిన్న అంజుమన్ ఉంది. పేరు మాత్రం పొడుగు: వాషింగ్టన్ అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ ఆంత్రోపాలజిస్ట్స్. పొట్టిగా వాపా అంటారు. 1976లో మొదలైంది, 2026కి 50 ఏళ్లు. ఎక్కడో సాత్ సముందర్ పార్ ఉన్న వాళ్ల సాలగిరాతో మనకేం పని భాయ్ అని మీరు అడుగుతారు. అడగండి. నా జవాబు ఏంటంటే, ఆ అంజుమన్‌లోని వాళ్లు చేసే నౌకరీ మనలాంటి బస్తీల మీద బతికే నౌకరీ. మన ఇళ్లకొచ్చి సవాళ్లు అడిగి, మన మాట రాసుకుని, పై వాళ్లకు చేరవేసే నౌకరీ. ఆ పని ఈమాన్‌తో చేస్తున్నారా లేదా అన్నది మన పిల్లల సీట్ల దాకా, ఒక్కోసారి మన మయ్యత్‌ల దాకా వస్తుంది.

ఆంత్రోపాలజీ అంటే మానవశాస్త్రం. మన పిల్లలకి ఇది సివిల్స్ పరీక్షలో ఒక ఆప్షనల్‌గానే తెలుసు. అసలు పని వేరే ఉంది. ఒక ఊరికో, ఒక మొహల్లాకో వెళ్లి నెలల తరబడి ఉండటం, వాళ్ల జబాన్ నేర్చుకోవడం, వాళ్ల దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినడం. పెళ్లిలో ఎవరి మాట చెల్లుతుంది, అప్పు కావాలంటే ఎవరి గుమ్మం ఎక్కుతారు, బిడ్డకి జ్వరమొస్తే ముందు డాక్టర్ దగ్గరికి పోతారా దర్గాకి పోతారా, పోతే ఎందుకు పోతారు అని చూడటం. ఫారంలో అవును, కాదు అని టిక్కులు పెట్టుకుని అరగంటలో వెళ్లిపోయేవాడికి ఇవి దొరకవు.

ఈ ఇల్మ్ చదివినవాళ్లు వెనకటికి ఎక్కువగా యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లయ్యేవారు. 1970లలో అమెరికాలో లెక్క తప్పింది. పీహెచ్‌డీలు ఎక్కువయ్యాయి, యూనివర్సిటీ కొలువులు తక్కువయ్యాయి. అదే కాలంలో వాషింగ్టన్‌లో ఇంకో తలుపు తెరుచుకుంది. పెద్ద ప్రాజెక్టులు కట్టే ముందు పర్యావరణం మీద ఏం అసర్ పడుతుందో చూడాలని 1969 చివర్లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. విదేశాలకిచ్చే సాయం గరీబులకు చేరాలని 1973లో మరో చట్టాన్ని సవరించింది. చేరిందో లేదో చూడాలంటే గరీబుల మధ్య కూర్చోవడం తెలిసినవాళ్లు కావాలి కదా. అలా సర్కారు దఫ్తర్లలో, సాయం సంస్థల్లో ఆంత్రోపాలజిస్టులు నౌకర్లయ్యారు. ప్రొఫెసర్ల దృష్టిలో వీళ్లు దారి తప్పినవాళ్లు. దఫ్తర్‌లో ఇంజనీర్లకీ లెక్కల వాళ్లకీ వీళ్లు కథలు చెప్పేవాళ్లు. ఇటూ కాని అటూ కాని ఈ జమాత్ ఒకచోట చేరి పెట్టుకున్నదే వాపా. పని చేసి చూపించినవాళ్లకి 1981 నుంచి ప్రాక్సిస్ అవార్డు కూడా ఇస్తున్నారు. ఎన్ని పుస్తకాలు రాశావని కాదు, నీ ఇల్మ్ వల్ల జనం జిందగీలో ఏం మారిందని చూసి ఇచ్చే ఇనామ్ అది. నాకు ఈ సంగతి బాగా నచ్చింది. మన దగ్గర సన్మానాలన్నీ శాలువా, మొమెంటో, గంట ఉపన్యాసం.

ఇక అసలు సవాల్. జీతం ఇచ్చేది సర్కారు. నమ్మి ఇంట్లోకి రానిచ్చేది బస్తీ. ఇద్దరి మధ్య పేచీ వస్తే నౌకర్ ఎటు నిలబడాలి?

ఈ సవాల్‌కి అమెరికా తారీఖ్‌లో చేదు జవాబులు చాలా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జపాన్ మూలాల వాళ్లను, అందులో ఎక్కువమంది తన సొంత పౌరులే, ఆడవాళ్లూ పిల్లలతో సహా లక్ష మందికి పైగా, ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టింది. ఆ శిబిరాల్లో సర్కారు ఆంత్రోపాలజిస్టులను కూడా నియమించింది. లోపల ఉన్నవాళ్ల బాధ అధికారులకు అర్థమయ్యేలా చెప్పి మేలు చేస్తున్నామని వాళ్లలో కొందరు నిజంగానే అనుకున్నారు. ఖైదీ బాధను జైలరుకు వివరించి చెప్పడం మేలా, జైలు సాఫీగా నడవడానికి మదద్ చేయడమా? ఆ బహస్ ఇప్పటికీ తేలలేదు.

మనకు ఇంకా దగ్గరి మాట ఒకటుంది. 2007లో అమెరికా సైన్యం హ్యూమన్ టెరైన్ సిస్టమ్ అని ఒకటి నడిపించింది. టెరైన్ అంటే నేల తీరు. కొండలకీ లోయలకీ పటం గీసినట్టు మనుషులకు పటం గీయడం. అఫ్గానిస్తాన్‌లో, ఇరాక్‌లో సైనికుల వెంట సామాజిక శాస్త్రవేత్తలు ఊళ్లలోకి వెళ్లేవారు. ఎవరు ఏ ఖబీలా, ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరికి ఎవరితో దుష్మనీ అని తెలుసుకుని కమాండరుకు చెప్పేవారు. దీనివల్ల కాల్పులు తగ్గుతాయి, అమాయకుల ప్రాణాలు దక్కుతాయని సైన్యం దావా. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ ఇంటి ముందు బందూకులతో సైనికులు, వాళ్ల పక్కన నోట్‌బుక్‌తో ఒక మనిషి. ఆయన సవాల్ అడిగితే వద్దు అనే ఆజాదీ మీకుందా? మీరు చెప్పిన పేరు రేపు ఏ ఫైల్లోకి ఎక్కుతుందో ఆయనకైనా తెలుసా? అమెరికన్ ఆంత్రోపలాజికల్ అసోసియేషన్ ఆ సంవత్సరమే, అక్టోబర్‌లో, ఈ పని మా ఉసూల్‌కి ఖిలాఫ్ అని బహిరంగంగా ప్రకటించింది. అయినా కార్యక్రమం 2014 దాకా నడిచింది. అందులో పనిచేసిన శాస్త్రవేత్తలు ముగ్గురు చనిపోయారు. వాళ్ల సవాళ్లకు జవాబిచ్చిన పల్లెవాళ్లకు తర్వాత ఏమైందో లెక్క రాసినవాళ్లు లేరు.

అంజుమన్ బలమూ బలహీనతా రెండూ ఇందులోనే కనిపిస్తాయి. డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ లైసెన్సు తీసేయొచ్చు, వకీల్‌కి బార్ కౌన్సిల్ ఉంది. ఆంత్రోపాలజిస్టుకు లైసెన్సే లేదు, ఇక తీసేదేముంది? ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. వీళ్ల నియమావళికి పళ్లు లేవు. 1949లోనే సొసైటీ ఫర్ అప్లైడ్ ఆంత్రోపాలజీ తన నియమాలు రాసుకుంది. యుద్ధాల మీద వాటి అసర్ పెద్దగా లేదని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఒంటరి నౌకర్ ‘నై సాబ్, ఈ పని నేను చెయ్యను’ అనలేడు. ఇంట్లో పిల్లలుంటారు, ఫీజులుంటాయి. వెనక ఒక జమాత్ ఉండి, మా పేషాలో ఇది జాయజ్ కాదని రాతపూర్వకంగా పెట్టి ఉంటే, ఆ కాగితం చూపించి అనగలడు. చిన్న సహారానే. కానీ దఫ్తర్‌లో పనిచేసినవాళ్లకు ఆ కాగితం విలువ తెలుసు.

ఈ పేషా సరిగ్గా పనిచేస్తే ఏమవుతుందో చూడాలంటే పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లాలి. 2014లో గినీ, సియెర్రా లియోన్, లైబీరియాల్లో ఎబోలా. మొదటి రెండూ ముస్లిములు ఎక్కువగా ఉన్న ముల్క్‌లు. ఆ జబ్బుతో పోయినవాళ్ల శరీరంలో వైరస్ బతికే ఉంటుంది. కొత్తగా జబ్బు పడేవాళ్లలో కనీసం 20 శాతం మందికి దఫన్ సమయంలోనే అంటుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. సర్కారు మనుషులు తెల్ల సూట్లు వేసుకుని వచ్చి, మయ్యత్‌ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి, గుస్ల్ లేకుండా, కఫన్ లేకుండా, ఇంటివాళ్లకి ఖబర్ ఎక్కడో కూడా చెప్పకుండా పూడ్చడం మొదలుపెట్టారు. ఏం జరిగింది? జనం మయ్యత్‌లను దాచారు. రాత్రిళ్లు చాటుగా గుస్ల్ ఇచ్చారు. గినీలో వోమే అనే ఊళ్లో జబ్బు గురించి చెప్పడానికి వచ్చిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు.

అక్కడ పనిచేస్తున్న ఆంత్రోపాలజిస్టులు చెప్పింది సూటి మాట. వీళ్లు జాహిల్‌లు కాబట్టి మాట వినడం లేదనుకోవద్దు. తమవాళ్లను బేఇజ్జత్‌గా సాగనంపలేక వినడం లేదు. వాళ్లకి ఏది వదులుకోలేనిదో, దేనికి ఇంకో దారి ఉందో వాళ్లనే అడగండి. అడిగారు. ఇమాములతో, పాస్టర్లతో కూర్చున్నారు. 2014 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పద్ధతి ఇచ్చింది. ముస్లిం మయ్యత్‌కి నీళ్ల గుస్ల్ బదులు తయమ్ముమ్. తెల్ల కఫన్‌కి జాగా. నమాజ్, దువాకి వక్త్. ఖబర్ ఎక్కడుందో ఇంటివాళ్లకు తెలియాలి, దానికి గుర్తు ఉండాలి. నీళ్లు దొరకని చోటా, నీళ్లు తగిలితే నుక్సాన్ అయ్యే చోటా తయమ్ముమ్ అని మన నానీలకు కూడా తెలుసు. వైరస్‌ల గురించి అన్నీ తెలిసిన సంస్థకు ఆ సంగతి తట్టడానికి నెలలు పట్టింది. ఆ రోగంలో మొత్తం 11,000 మందికి పైగా పోయారు. ఆ అడగడమేదో ముందే అడిగి ఉంటే ఎందరు మిగిలేవారో అల్లాహ్‌కే తెలుసు.

కోవిడ్‌లో శ్రీలంకను చూశాం. దఫన్ చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, 2020 మార్చి నుంచి 2021 ఫిబ్రవరి దాకా ముస్లిం మయ్యత్‌లను కూడా దహనం చేయించారు. 20 రోజుల పసిబిడ్డను కూడా. అక్కడ అడిగే మనుషులు లేక కాదు, వినే ఇరాదా లేక.

మన గడ్డ మీదికి వస్తే, ఈ పేషాకి హైదరాబాద్‌తో పాత రిష్తా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని నిజాం పోలీసులు కాల్చేశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టుకు పని అప్పగించింది. ఆయన ఆదిలాబాద్ అడవుల్లో, మార్లవాయిలో కాపురం పెట్టి, గోండీ నేర్చుకున్నాడు. నిజాం నమక్ తిన్నాడు. కానీ రిపోర్టులో నిజాం చెవికి ఇంపైన మాట రాయలేదు. జంగ్లాత్ మహకమా జులుం, పట్టాలు లేక గోండుల జమీన్ బయటివాళ్ల చేతుల్లోకి పోవడం, కింది అధికారుల లంచాలు రాశాడు. మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు చెప్పే టీచర్లను తయారుచేసే కేంద్రం వచ్చింది, కొందరికి పట్టాలొచ్చాయి, 1356 ఫస్లీలో గిరిజన ప్రాంతాల కోసం కానూన్ వచ్చింది. ఆసఫ్‌జాహీ జమానా అనగానే బిర్యానీ, షేర్వానీ, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గుర్తు చేసుకునే మనం ఈ రిపోర్టులు కూడా చదవాలి. మనవాళ్ల హుకూమత్‌లో ఇంకొకళ్ల హఖ్ ఎలా పోయిందో అందులో ఉంది. జీతమిచ్చినవాడికి చేదు నిజం చెప్పడమే అసలు నమక్‌హలాలీ అని నా నమ్మకం.

ఇక మన సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఫకీర్, అత్తర్, గారడీ, అచ్చుకట్లవాండ్లు, గుడ్డి ఎలుగువాళ్లు, ఇలా 14 సమూహాలు. చాలామందికి ఆ జాబితా చూసేదాకా ఇన్ని రకాల ముస్లిములున్నారనే తెలియదు. మనలోనే కొందరికి తెలియదు, అది ఇంకో షరమ్ మాట. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వెనకబాటు తేల్చిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది కారణాల్లో ఒకటి. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి నిలబడింది. అంటే ఎలుగుబంటిని ఆడించే ఇంటి బిడ్డకి ఇంజనీరింగ్ సీటు రావడం, ఆ ఇంటికి వెళ్లిన మనిషి ఎంతసేపు కూర్చున్నాడు, ఏం అడిగాడు, ఏం రాశాడు అన్నదాని మీద ఆధారపడింది.

ఆ మనిషి మన పిల్లల్లో ఒకరు ఎందుకు కాకూడదు? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చెబుతున్నారు. బీటెక్ కాకపోతే బీఫార్మసీ, అదీ కాకపోతే గల్ఫ్ అని ముందే రాసి పెట్టుకున్న వాలిదైన్‌కి ఒక్క మాట. పక్కింటి ఖాలా బాధ ఓపిగ్గా వినే అమ్మాయి మీ ఇంట్లో ఉంటే, నలుగురి మధ్య కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడే అబ్బాయి ఉంటే, ఈ చదువు గురించి ఒకసారి వాకబు చేయండి. ఆసుపత్రుల్లో, గిరిజన సంక్షేమంలో, నిర్వాసితుల పునరావాసంలో, కంపెనీల్లో కూడా ఈ పని ఉంది. రోజీ గ్యారంటీ అని నేను అనను. వాపా పుట్టిందే యూనివర్సిటీ కొలువులు దొరక్క.

ఈలోపు మన గుమ్మం ముందుకు ఫారం పట్టుకుని వచ్చేవాళ్లని మనమూ నాలుగు మాటలు అడుగుదాం. చాయ్ ఇచ్చే అడుగుదాం, మర్యాద తప్పనక్కర్లేదు. మిమ్మల్ని పంపిందెవరు బేటా? ఇది ఎవరి చేతికి పోతుంది? మా పేర్లు అందులో ఉంటాయా? మేం వద్దంటే ఏమన్నా నుక్సాన్ ఉందా? రాసింది అయ్యాక, మసీదు కమిటీ దగ్గరో అంగన్‌వాడీ దగ్గరో, ఒకసారి మాకు తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపిస్తారా?