అటక మీది గిటార్

గత రమజాన్‌కు కొన్నాళ్ళ ముందు, అసర్ నమాజు ముగిసిన వేళ నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో పాత చీరలో చుట్టిన పొడవాటి మూట. విప్పితే ఎలక్ట్రిక్ గిటార్. ఆరు నెలల క్రితం మరణించిన అతని తండ్రిది. "హజ్రత్, దీన్ని బాగు చేయించాలా, అమ్మివేయాలా? మీరే చెప్పండి" అన్నాడు.

ఆ తండ్రిని నేనెరుగుదును. పెళ్ళిళ్ళలో పాడే ఆర్కెస్ట్రాలో వాయించేవారు. విదేశీ వస్తువుల దిగుమతి కష్టమైన 1980వ దశకంలో, కలకత్తాలో తయారైన ఈ గిటార్‌ను వాయిదాల మీద కొన్నారట. కుమారుడు మా మదరసాలో చదివే రోజుల్లో ఒకనాడు ఇంటికి వెళ్ళి, "ఇది హరామ్, ఇంట్లో ఉండకూడదు" అని తండ్రి ముఖం మీదే అన్నాడు. ఆయన వాదించలేదు. గిటార్‌ను అటక ఎక్కించారు, మళ్ళీ దించలేదు.

ఈ సంగతి చెబుతూ అతడు తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. వాయిద్యాల విషయంలో అధిక సంఖ్యాక ధర్మవేత్తలది నిషేధాభిప్రాయం. ఇబ్నె హజ్మ్ వంటి కొందరు అనుమతించారు. నేను మొదటి పక్షం వాణ్ణి, నేటికీ మారలేదు. అయితే తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో తెలిపే బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్‌ను ఆ పిల్లవాడికి కంఠస్థం చేయించానే గాని, అందులోని మర్యాదను అలవాటు చేయించలేదు.

"ముందు ఇది ఎవరిదో తేలాలి" అన్నాను. మరణించినవారి సొత్తులోంచి అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తీరిన పిదప మిగిలినది వారసులందరిదీ. అన్-నిసా సూరా 11, 12 ఆయత్‌ల ప్రకారం, మృతుని తల్లిదండ్రులు ముందే గతించిన ఆ ఇంట్లో, 24 భాగాలకు భార్యకు 3, కుమారునికి 14, కుమార్తెకు 7. కనుక అతడొక్కడే దాన్ని అమ్మడానికీ లేదు, గీకి రంగు వేయించడానికీ లేదు.

వెల తెలుసుకోవడానికి ఇద్దరం హైదరాబాద్‌లో వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన వద్దకు వెళ్ళాము. పాత గిటార్లు లక్షలు పలుకుతాయని అతడెక్కడో విన్నాడు. ఆయన నవ్వారు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్, 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వంటి అమెరికన్ గిటార్లలో తొలినాటివాటి మాట అది. వాటికైనా అసలు రంగు తీసి కొత్తది వేస్తే విలువ బాగా పడిపోతుంది. ఇది ఉన్నపాటున 6,000 రూపాయలు చేస్తుంది. పూర్తిగా కొత్తదిలా చేయడానికి 18,000 అవుతుంది. ఆపైన అమ్మినా 12,000 దాటదు.

పికప్ అనే భాగంలో అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుందనీ, పైనున్న ఉక్కు తీగ కంపిస్తే అందులో విద్యుత్తు పుడుతుందనీ ఆయన చూపించారు. ఆ చుట్లు తెగలేదు. వైరు తగిలించే చోట అతుకు మాత్రమే ఊడింది. "అతుకు వేస్తాను, తుప్పు తుడుస్తాను. గీకిన రంగు మాత్రం ఎవరూ తిరిగి తేలేరు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో విద్యార్థి అసలు మాట చెప్పాడు: "అబ్బాకు క్షమాపణ చెప్పుకోలేకపోయాను. ఇదైనా కొత్తదిలా చేస్తే..." గతించిన తండ్రి కోసం దుఆ చేయడం, ఆయన అప్పులు తీర్చడం, ఆయన స్నేహితులను ఆదరించడం దైవప్రవక్త (స) నేర్పిన మార్గాలు. "మీ అబ్బాతో తబలా వాయించిన ముసలాయన ఇంకా ఉన్నారు. ఎన్నడైనా వెళ్ళి పలకరించావా?" అని అడిగాను. జవాబు లేదు.

ఇంట్లో అందరూ కూర్చున్నారు. తల్లి ఒక్క మాట అన్నది: "రంగు వేయించకు నాయనా. ఆయన ముంజేయి ఆని అరిగిన చోటు అలాగే ఉండనీ." చెల్లెలు మొదట తనకేమీ వద్దన్నది. మన ఇళ్ళలో ఆడపిల్లలు మొహమాటంతో అనే ఈ మాటను అంగీకారంగా తీసుకోకూడదు. వెల చెప్పి, ఆమె వాటా 1,750 రూపాయలు, తల్లి వాటా 750 ముందు ఉంచమన్నాను. తల్లి తన వాటాను కొడుక్కే ఇచ్చివేసింది. చెల్లెలు కొంచెంసేపు చూసి, తీసుకున్నది. నాకు సంతోషం కలిగింది.

మీ ఇంట్లోనూ ఇటువంటి వస్తువు ఉంటే, చేయి వేయక ముందు వారసులందరినీ అడగండి. ఉన్నపాటున ఎంత చేస్తుందో, బాగుచేయడానికి ఎంత అవుతుందో విడివిడిగా తెలుసుకోండి. తిరిగి సరిదిద్దుకోలేని పని దేనికీ తొందరపడకండి. తీసిన పాత భాగాలను పారవేయక దాచండి. అమ్మదలిస్తే లోపాలనూ, జరిగిన మరమ్మతులనూ దాచకుండా చెప్పండి. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచిన వర్తకుని హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది.

ఆ గిటార్‌కు అతుకు వేయించారు, తుప్పు తుడిపించారు. వాయించేవారు లేరు కనుక కొత్త తీగలు వేయించలేదు. అది ఇప్పుడు తల్లి గదిలో, ఆమె కంటికి కనబడే చోట ఉన్నది. విద్యార్థి ప్రతి జుమా నమాజు తర్వాత ఆ తబలా వాయించిన వృద్ధుని ఇంటికి వెళ్ళివస్తున్నాడు. నేను మాత్రం తరగతిలో ఆ 23వ ఆయత్ వచ్చిననాడు, పేర్లు చెప్పకుండా, ఈ సంగతి పిల్లలకు చెబుతున్నాను.

అల్లాహ్ ఆ తండ్రిని మన్నించుగాక. ఆయన బిడ్డకు సగం పాఠమే నేర్పిన నన్నూ మన్నించుగాక. ఆమీన్.