వేల్స్‌లో చూడ్డానికేముందండీ?

"వేల్స్‌లో చూడ్డానికేముందండీ?" లండన్ నుంచీ, బర్మింగ్‌హామ్ నుంచీ, ఎండాకాలం సెలవుల ముందు హైదరాబాద్ నుంచీ ఫోన్ చేసే మనవాళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న ఇది. కార్డిఫ్‌లో కాపురం పెట్టి పదిహేనేళ్ళు దాటింది కాబట్టి నాకు తెలిసుంటుందని అడుగుతారు. తీరా నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు: రెండు కోటలు, ఒక కొండ, ఒక జిప్‌లైన్. "రెండ్రోజులు చాలు కదండీ!"

చాలవండీ. ఎందుకు చాలవో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

వేల్స్ చిన్న దేశమే. మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది. జనం ముప్పై లక్షల పైచిలుకు. బ్రిటన్ మొత్తం మీద ఆ ఏటి మేటి మ్యూజియానికిచ్చే లక్ష పౌండ్ల బహుమతి ఇంత చిన్న దేశానికి రెండుసార్లు వచ్చింది. 2005లో బ్లేనావన్ ఊళ్ళోని బిగ్ పిట్‌కి, 2019లో కార్డిఫ్ పక్కనే ఉన్న సెయింట్ ఫాగన్స్‌కి. మొదటిది 1980లో మూతపడిన బొగ్గు గని. రెండోది దేశం నలుమూలల నుంచీ పాత ఇళ్ళనీ, బడినీ, చర్చినీ రాయి రాయీ విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన ఊరు. అంటే ఏమిటన్నమాట? రాజుగారి కిరీటానికి కాదు బహుమతి; కూలివాడి కొంపకి!

సెయింట్ ఫాగన్స్‌లో మెర్థిర్ టిడ్‌విల్ నుంచి తెచ్చిన ఆరిళ్ళ వరస ఒకటుంది. ఇనుము పనివాళ్ళ ఇళ్ళు. ఒక్కో ఇంటినీ ఒక్కో కాలంలో ఉన్నట్టు సర్ది పెట్టారు. మొదటిది 1805, చివరిది 1985. ఆరు గుమ్మాలు దాటేసరికి ఒక కార్మిక కుటుంబం 180 ఏళ్ళు ఎలా బతికిందో కళ్ళకి కడుతుంది. ఇంకాస్త ముందుకెళితే 1917లో ఓక్‌డేల్‌లో కట్టిన కార్మికుల భవనం. గని పనివాళ్ళు కూలిలోంచి చందాలిచ్చి నడుపుకున్న లైబ్రరీ అందులో ఉండేది. 2001 నుంచీ వేల్స్ జాతీయ మ్యూజియాలకి ప్రవేశ రుసుము లేదు. పార్కింగ్‌కీ, ప్రత్యేకమైన కొన్నిటికీ తీసుకుంటారు, అది వేరే సంగతి.

బిగ్ పిట్ సంగతి సరేసరి. హెల్మెట్ పెట్టి, నడుముకి బ్యాటరీ కట్టి, వాచీ, ఫోన్, అగ్గిపెట్టె పైనే వదిలేయించి, 90 మీటర్ల లోతుకి బోనులో దించుతారు. చూపించేవాళ్ళు బట్టీపట్టిన గైడ్లు కారు, గనిలో పనిచేసినవాళ్ళే. ఒకచోట అందరి లైట్లూ ఆర్పమంటారు. కన్ను పొడుచుకున్నా కానరాని ఆ చీకట్లో, గాలి తలుపులు తీస్తూ మూస్తూ కూర్చున్న చిన్నపిల్లల గురించి చెబుతారు. ఆడవాళ్ళనీ, పదేళ్ళలోపు మగపిల్లల్నీ గనుల్లోకి దించకూడదని చట్టం వచ్చింది 1842లో మరి!

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఇక్కడి మా తెలుగు సంఘమొకటి ఆ మధ్య వేసవి యాత్ర వేసింది. జాబితాలో బిగ్ పిట్ చేర్చమన్నాను. కమిటీలో ఒక పెద్దమనిషి నవ్వి, "బొగ్గుబాయి చూడ్డానికి ఇంత దూరం రావాలా సార్? అదేదో కొత్తగూడెంలోనే ఉందిగా!" అన్నారు. అందరూ నవ్వారు. బిగ్ పిట్ పోయి జిప్‌లైన్ వచ్చింది.

నాకు నవ్వు రాలేదు. నేను పుట్టింది ఇల్లందులో. 1871లో బొగ్గు బయటపడి, 1889లో తవ్వకం మొదలైన ఊరు. మా పెద్దవాళ్ళకి బొగ్గుట్ట. మా నాయన బాయి దిగినవాడు. తట్టా చెమ్మస్ చేతబట్టి బొగ్గునింపిన తరం ఆయనది. "కొత్తగూడెంలోనే ఉందిగా" అన్న పెద్దమనిషిని ఒక్కటే అడిగాను: మీరెప్పుడైనా చూశారా? చూడలేదు. అక్కడ చూడకపోవడానికి కారణం మనూళ్ళోదే కావడం. ఇక్కడ చూడకపోవడానికి కారణం మనూళ్ళోలాంటిదే కావడం! ఇంతకన్నా గొప్ప లాజిక్ నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చూడలేదు.

ఆ జిప్‌లైన్ ఎక్కడుందో తెలుసా? టవర్ కాలియరీలో. లాభం లేదని 1994లో ప్రభుత్వం మూసేసిన గని అది. 239 మంది కార్మికులు తలా 8,000 పౌండ్లు, ఉద్యోగం పోయినందుకిచ్చిన డబ్బు, ఒకచోట పోసి 1995లో ఆ గనిని కొనేశారు. బొగ్గు అయిపోయేదాకా, 2008 జనవరి దాకా, తామే నడిపారు. మనవాళ్ళు దాని మీదుగా కేకలు వేసుకుంటూ ఎగిరి, కిందకి దిగి, ఫొటో పెట్టి, "ఆసమ్ ఎక్స్‌పీరియన్స్" అని రాశారు. దేని మీదుగా ఎగిరారో ఒక్కరూ అడగలేదు.

జిప్‌లైన్ వద్దనను. గనులు పోయిన లోయల్లో కుర్రాళ్ళకి నాలుగు ఉద్యోగాలొస్తే కాదనేవాడెవడు? "వారమంతా చాకిరీ చేసి సెలవునాడు కూడా ఏడుపేనా?" అంటారు. అదీ న్యాయమే. కానీ బిగ్ పిట్‌లో ఏడిపించరండీ. ఆ ముసలి కార్మికుడు వేసే జోకులకి మా పిల్లలు పొట్ట పట్టుకు నవ్వారు. పైకొచ్చాక మా అమ్మాయి అడిగింది, "తాతయ్య ఇలాగే దిగేవాడా?" అని. జిప్‌లైన్ టికెట్‌తో ఆ ప్రశ్న రాదు.

"మనల్ని దోచుకున్నవాళ్ళ చరిత్ర మనకెందుకు?" అనే అభిమానధనులు మరికొందరు. మంచిది. వాళ్ళే పోవిస్ కోటకెళ్ళి తోటలో పూల ముందు సెల్ఫీలు దిగుతారు. ఆ కోట లోపలే ఉన్నాయి 1799లో శ్రీరంగపట్నం పడ్డాక వచ్చిన టిప్పు సుల్తాన్ గుడారం, సింహాసనం మీది పులి తల. వాటిని తెచ్చుకున్న ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. నిజాం మన దత్తమండలాల్ని కంపెనీకి ధారపోసిన 1800లో ఆ కుర్చీలో ఉన్నదాయనే. కడప మిత్రుడొకడు ఆ తోట మూడుసార్లు చూశాడు. ఆ గది ఒక్కసారీ చూడలేదు. దోపిడీ మీద కోపముంటే చూడాల్సిందే ఆ గది కదా! దోచినవాడి కోటనీ, బాయిలో దిగినవాడి కొంపనీ ఒకే గాటన కట్టి రెండూ చూడకపోవడం అభిమానం కాదు, బద్ధకం.

వేల్స్‌లో అంతా సవ్యంగా ఉందనీ అనను. నిధుల కోతతో ఈ మ్యూజియాల సంస్థలో 2024లో కనీసం 90 ఉద్యోగాలు పోయాయి. పాత గనులు మూతపడి దశాబ్దాలవుతోంది. దిగి పనిచేసినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. వాళ్ళు పోయాక చెప్పేవాడు బట్టీపట్టినవాడే. అయితే ఇక్కడివాళ్ళు ముందే మేలుకున్నారు. సెయింట్ ఫాగన్స్ వాళ్ళు 1950ల్లోనే టేపు రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగి, ముసలివాళ్ళ మాటా పాటా వాళ్ళ యాసలోనే దాచారు.

మన చేతిలో టేపు రికార్డరేం ఖర్మ, ఒక్కొక్కరి జేబులో లక్ష రూపాయల ఫోనుంది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, రామగుండం నుంచి ఈ దేశం వచ్చిన పిల్లలు నాకు తెలిసినవాళ్ళే ఇరవై మందున్నారు. "మస్టరు పడింది" అన్న మాటకి అర్థం తెలిసిన ఆఖరి తరం మనదే. సంఘాలు ఉగాదికి సినిమావాళ్ళని పిలవడానికి పెట్టే ఖర్చులో పదోవంతు చాలు, వంద మంది బాయి పనివాళ్ళ గొంతులు దాచడానికి. ప్రభుత్వాలు చెయ్యాలంటారా? చెయ్యాలి. ఓక్‌డేల్ లైబ్రరీ పుస్తకాల కోసం ఆ కార్మికులు ప్రభుత్వం వచ్చేదాకా ఆగారా?

అంచేత ఈసారి వేల్స్ వచ్చేవాళ్ళకి నా విన్నపం. ముందు బోను దిగి రండి, జిప్‌లైన్ తర్వాత ఎక్కుదురు గాని. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, మీ నాయన్నో, మేనమామనో, పక్కింటి పెద్దాయన్నో, "మీరు బాయి దిగిన మొదటి రోజు ఏమైంది?" అని అడగండి. రికార్డు బటన్ నొక్కి మరీ అడగండి. ఇక్కడ మా ఇంట్లో పడక ఉంది, అన్నం ఉంది. రెండ్రోజులు మాత్రం చాలవు.