కోశములోని రక్తచందనము, కొండమీది చెట్టు

అమరకోశమున వృక్షములకు వనౌషధివర్గము ప్రత్యేకముగా కలదు. అయినను రక్తచందనము అందుగాక మనుష్యవర్గమున, మైపూతల నడుమ పఠింపబడినది. అచ్చట అది పూసికొను ద్రవ్యము మాత్రమే; దానికొక చెట్టు, ఆ చెట్టుకొక తావు ఉన్నవనుట అప్రస్తుతము. కోశకారుని తప్పుపట్టుట నా అభిమతము కాదు. ఆ శ్లోకమును కంఠస్థము చేసి, అంతటితో వృక్షమును ఎరిగితిమని భావించు మనయందే లోపమున్నది.

తిలపర్ణి, పత్రాంగము, రంజనము, కుచందనము అనునవి అమరుని మతమున రక్తచందనపర్యాయములు. భావప్రకాశమున రంజన, కుచందన శబ్దములు పతంగమను వేరొక చెట్టుకు చెప్పబడినవి. ఇక శ్రీచందనముతో దీనికి గల బంధుత్వము నామమాత్రమే. శ్రీచందనము ఇతర వృక్షముల వేళ్లనుండి కొంత పోషణ గ్రహించునది. రక్తచందనమో, చిక్కుడు కుటుంబమునకు చెంది, రెక్కవంటి అంచుగల కాయలు కాయునది. పేరు వాడుకను బట్టి వచ్చినది. వంశమును బట్టి కాదు. ఆ వంశమును తెలుపువాడు వృక్షశాస్త్రజ్ఞుడు.

ఈ వృక్షమునకు సహజమైన తావు తూర్పుకనుమల దక్షిణభాగమే. శేషాచలము, పాలకొండలు, వెలిగొండలు, నల్లమల దీని పుట్టినిండ్లు. పువ్వులు పూయని ప్రాచీనవంశమునకు చెందిన సైకస్ బెడ్డోమీయు ఆ శేషాచలముననే కలదు. రక్తచందనవాణిజ్యమును 1995లో అంతర్జాతీయ ఒడంబడిక నియంత్రణములోనికి తెచ్చినది. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతమైనది. ఇట్టి చెట్టు విషయమున పండితుడు చూడకయే "ఇది అదియే" యనుట స్వల్పదోషము కాదు. ఆ మాటను నమ్మి ఒకదానికి బదులు మరొకదానిని నరికిన, పోయినది తిరిగి రాదు.

పదునెనిమిదవ శతాబ్ది చివర సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ తెలుగువారి నోట పేర్లను విని వ్రాసికొనెను. షోరియా తుంబుగ్గయా అను శాస్త్రీయనామమున ఆ తెలుగు మాట నేటికిని నిలిచియున్నది. పరదేశి అడిగి తెలిసికొనగా, మనకు అడుగుటకు సంకోచమెందులకు?

"శబ్దమే మా విషయము, చెట్టు కాదు" అని కొందరందురు. కాని శక్తిగ్రహమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము మొదలైన ఉపాయములను మన శాస్త్రమే చెప్పినది. కోశము వానిలో ఒకటి మాత్రమే. శేషాచలపరిసరముల యానాదుల మాట వ్యవహారము. వృక్షశాస్త్రజ్ఞుని నిర్ణయము ఆప్తవాక్యము. కావున వనౌషధివర్గమును చదువు ప్రతి విద్యార్థియు ఏటికి ఒక్క చెట్టునైనను వారిరువురి సమక్షమున చూచి, సంస్కృత, తెలుగు, శాస్త్రీయ నామములను సరిపోల్చి వ్రాయవలెను. సందేహమున్నచోట సందేహమనియే వ్రాయవలెను. ఇది శాస్త్రమునకు వెలియైన పని కాదు. అర్ధాంతరముగా విడిచిన మన పనియే.